తన్ను తాను రద్దుచేయు వాక్యము: ‘హ్యుమిలిటీ’ కార్డుపై నియమార్థ విచారము

సూత్రములకు అర్థము చెప్పుట మన శాఖలలో నిత్యము జరుగు పని. సూత్రము చిన్నది, దానికి వృత్తి కావలెను. వృత్తి చాలనిచోట ఉదాహరణములును ప్రత్యుదాహరణములును కావలెను. రెండు సూత్రములు ఒకేచోట ప్రవర్తింపబోయినచో వానిలో ఏది బలీయమో నిర్ణయించు పరిభాష కావలెను. ఈ పరిశ్రమ యంతయు వ్యాకరణ మీమాంసలకే చెందినదని మనము తలంచుచుందుము. కాని నేడు పెక్కు దేశములలో లక్షలాది జనులు వినోదార్థము ఆడు ఒక ఆటలో ఇదే పరిశ్రమ, ఇంచుమించు ఇంత సూక్ష్మముగనే, వేఱు పేర జరుగుచున్నది. ఆ ఆట పేరు ‘మేజిక్: ది గ్యాదరింగ్’. అందలి ‘హ్యుమిలిటీ’, అనగా వినయము, అను ఒక్క కార్డును తీసికొని, అది తనమీదనే పనిచేయవలసివచ్చిన సందర్భమున దాని యర్థ మెట్లు నిర్ణయింపబడుచున్నదో ఇందు పరిశీలింప నెంచితిమి. ఆటను పొగడుటకు గాని తెగడుటకు గాని మేము పూనుకొనలేదు. ఒక వాక్యము తన్ను పలుకుచున్న నోటినే మూసివేసినచో ఆ వాక్యము పూర్తియైనట్లా, కానట్లా? ఇదియే మా ప్రశ్న.

ఆటతో పరిచయము లేని పాఠకులకొఱకు కొంత చెప్పవలసియున్నది. 1993 ఆగస్టులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమునకు చెందిన ‘విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్’ అను సంస్థ దీనిని వెలువరించినది. కల్పించినవాడు రిచర్డ్ గార్ఫీల్డ్, గణితశాస్త్రజ్ఞుడు, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొందినవాడు. ‘ఆల్ఫా’ అని పిలువబడు తొలి ముద్రణమున 295 కార్డులు ఉండెను. మన చీట్లపేకలో ఏబదిరెండు ముక్కలును అందఱికిని ఉమ్మడి సొత్తు. నియమము ఆటది గాని ముక్కది కాదు. ఆసుమీద ‘నేను రాజును గొట్టుదును’ అని వ్రాసియుండదు. ఈ ఆటలో అట్లు కాదు. ప్రతి ఆటగాడును తాను కొనియు, ఇతరులతో మార్చుకొనియు సంపాదించిన కార్డులతో తన పేకను తానే కూర్చుకొనును. అది ఏమి చేయగలదో ప్రతి కార్డుమీదను అచ్చువేయబడి యుండును. ఎదుటివాని చేతిలో ఏ నియమ మున్నదో ముందుగా తెలియదు. నేటికి వెలువడిన వేర్వేఱు కార్డులు ఇరువదియైదు వేలకు మించినవి. వీనిని సమన్వయించు సమగ్ర నియమావళి రెండువందల పుటలు దాటినది.

సామాన్యనియమమునకును కార్డుమీది మాటకును విరోధము కలిగినచో కార్డుమీది మాటయే నిలుచునని నియమావళి తొలుతనే చెప్పుచున్నది. ఉత్సర్గమును అపవాదము బాధించుట మనకు చిరపరిచితమే. కాని మన శాస్త్రములలో అపవాదములను శాస్త్రకారుడే ఎంచి, అవసరమైనంతమేర చెప్పును. ఇచ్చట అపవాదములే ఆట. గార్ఫీల్డ్ తనకు స్ఫూర్తి నిచ్చినదిగా చెప్పుకొన్న ‘కాస్మిక్ ఎన్‌కౌంటర్’ అను 1977 నాటి ఆటలోను ప్రతి ఆటగాడును ఏదో ఒక నియమమును మీఱు హక్కుతోనే కూర్చుండును. ఆ బీజము ఇచ్చట వేల కొమ్మలు వేసినది. ఒక్క హక్కును మాత్రము ఏ కార్డును హరింపజాలదు: ఓటమి నంగీకరించి లేచిపోవు హక్కు. కార్డు గెలుచునను నియమమునకు నియమావళి చెప్పిన మినహాయింపు ఇది యొక్కటే.

అపవాదములు వేలకు పెరిగినపుడు అపవాదమునకు అపవాదముతో కలహము తప్పదు. అందొక విధమైన కలహమునకు నిర్ణయము సులభము: ఒకటి చేయవచ్చునని, మఱియొకటి చేయరాదని చెప్పినచో నిషేధమే గెలుచును. మీమాంసకులు ఇట్టిచోట మఱియొక దారియు నెఱుగుదురు. అతిరాత్రమున షోడశి పాత్రను గ్రహింపవలెనని యొకటి, గ్రహింపరాదని యొకటి శ్రుతివాక్యము లుండుటచే వారు వికల్పమును ఒప్పుకొనిరి. రెండును ప్రమాణములే, ఏది చేసినను దోషము లేదు. మన తెలుగు వ్యాకరణములందలి వైకల్పిక కార్యములును ఇట్టి వెసులుబాటుతోనే బ్రదుకుచున్నవి. కాని యజ్ఞమున యజమానికి ప్రతిపక్షి లేడు. పద్యమున కవికిని లేడు. ఈ ఆటలో ఇద్దఱు ఎదురెదురుగా కూర్చుందురు. నియమార్థమున వికల్ప మిచ్చినచో ఎవరికి లాభమో వారు ఆ కొసను పట్టుకొని లాగుదురు. కావున ఏ సందర్భమునకైనను తీర్పు ఒక్కటియే యుండవలెను. అది ఎవరు కూర్చుండి చదివినను ఒక్కటియే రావలెను. నియమావళి అన్ని పుటలకు పెరుగుటకు ప్రధానకారణము ఇదియేనని మా యభిప్రాయము.

ఒక్క తీర్పు రావలెనన్న ముందు మాట ఒక్క తీరుగా అర్థము కావలెను. ముద్రణమునకు పూర్వము పరీక్షకై వ్రాసిన యొక కార్డును గూర్చి గార్ఫీల్డ్ చెప్పిన కథ ఆ యాటవారిలో ప్రసిద్ధము. ప్రత్యర్థికి తరువాతి వంతు పోవును అను భావముతో ఆయన వ్రాసెను. ఆ ఇంగ్లీషు మాటకే ‘ప్రత్యర్థి తరువాతి వంతున ఓడిపోవును’ అను అర్థమును చెల్లును. చదివినవాడు ఈ యొక్క కార్డుతో ఆట తనదే యని పొంగిపోయెనట. తప్పు అతనిది కాదు. మాట రెండర్థములకును చోటిచ్చినది. అచ్చులో ఆ కార్డు ‘టైమ్ వాక్’ అను పేర వెలువడినపుడు, వేసినవానికి మఱియొక వంతు లభించునను భావమునకు మారినది. శ్లేష కావ్యమున కలంకారము, శాసనమున దోషము అనుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము తరగతిలో చెప్పుటకు మాకు దొరకలేదు.

పాఠమునకు సంబంధించిన మఱియొక విశేషమును ఇచ్చటనే చెప్పుట మేలు. 1999లో వెలువడిన ఆఱవ సంచికతో ఈ ఆట నియమములు చాలవఱకు తిరిగి వ్రాయబడినవి; అటుపిమ్మటను మార్పులు వచ్చుచునే యున్నవి. అందుచే కార్డుమీద అచ్చయిన మాటకును నేడు చెల్లుబాటగు మాటకును భేదము కలిగినది. ప్రతి కార్డునకును చెల్లుబాటగు పాఠమును సంస్థవారు ‘ఓరకిల్’ అను పేర ప్రకటించుచున్నారు. ఆటగాని చేతిలో నున్నది జపాను భాషలోని కార్డైనను, ఇటాలియను భాషలోని కార్డైనను, అర్థనిర్ణయమునకు ఆ ఇంగ్లీషు ప్రమాణపాఠమే శరణ్యము. పాఠపరిష్కరణము చేయువారికి ఇది తలక్రిందుగా తోచును. మనము ప్రతి యెంత ప్రాచీనమో అంత ఆదరింతుము. ఇచ్చట కడపటి పాఠమే ప్రమాణము, తొలిముద్రణము చరిత్రకును వెలకును మాత్రమే పనికివచ్చును. అనువాదకునికి అసలే యధికారము లేదు.

ఇక ప్రకృతమునకు వత్తము. ‘హ్యుమిలిటీ’ 1997లో ‘టెంపెస్ట్’ అను కూర్పునందు వచ్చినది. ఇది ‘ఎన్‌చాంట్‌మెంట్’ అను జాతి కార్డు; ఒకసారి ప్రయోగింపబడినచో రంగముమీద నిలిచియుండి, తన ప్రభావమును ప్రసరించుచుండు మంత్రబంధము వంటిది. దానిని ప్రయోగించుటకు నాలుగు పాళ్ల ‘మానా’, అనగా మంత్రశక్తి, వ్యయమగును. దాని భావము చాల చిన్నది: ప్రాణులన్నియు తమ శక్తులన్నిటిని కోల్పోవును, వాని మూలబలమును మూలదార్ఢ్యమును ఒక్కొక్కటి అగును. ఈ ‘మూల’ అను విశేషణము 1997 నాటి అచ్చులో లేదు. తరువాతి ప్రమాణపాఠమున చేరినది. నియమభాషలో ‘శక్తి’ యనగా కార్డుమీద వ్రాసియున్న నియమవాక్యమే యని పాఠకులు గమనింపవలెను. మా విచారమంతయు ఈ యొక్క మాటపై నిలిచియున్నది. బలము ఎదుటివానిని కొట్టుటకు, దార్ఢ్యము దెబ్బకు ఓర్చుటకు. ఆల్ఫా నాటి ‘సెర్రా ఏంజెల్’ అను దేవతాప్రాణి నాలుగు బలము, నాలుగు దార్ఢ్యము కలది, ఎగురగలది. వినయము రంగమున నుండగా అది ఒకటి–ఒకటిగా కుదియును, ఎగురలేదు.

ఆ దేవతను ఆటగాడు వేఱొక కార్డుతో బలపఱచినచో నేమగును? ఆ వంతు ముగియువఱకు మూడు బలమును మూడు దార్ఢ్యమును పెంచు ‘జైంట్ గ్రోత్’ అను కార్డు కలదు. దానిని వినయమునకు ముందు వేసినను పిదప వేసినను దేవత నాలుగు–నాలుగే యగును. మఱి ఎగురు శక్తి నిచ్చు ‘ఫ్లైట్’ అను కార్డును దానికి తగిలించినచో? ఇచ్చట ముందువెనుకలు పట్టింపునకు వచ్చును: వినయము పిదప తగిలించిన ఎగురును, ముందు తగిలించిన ఎగురదు. ఒకచోట కాలక్రమము లెక్కకు రాదు, మఱియొకచోట అదియే నిర్ణాయకము. ఇది అవ్యవస్థగా తోచును గాని కాదు. నియమావళి ప్రభావముల నన్నిటిని ఏడు అంతరువులుగా విభజించినది. ఒకటవ అంతరువున అనుకరణము. రెండవ దానిలో స్వామ్యము. మూడవ దానిలో పాఠపరివర్తనము. నాల్గవ దానిలో జాతి. అయిదవ దానిలో వర్ణము. ఆఱవ దానిలో శక్తుల యావాపోద్వాపములు. ఏడవ దానిలో బలదార్ఢ్యములు. ఏడవ దానిలో మరల ఉపభాగములు కలవు: మొదట విలువను స్థిరపఱచునవి, తరువాత దానిని పెంచి తగ్గించునవి. వినయము విలువను స్థిరపఱచును, ‘జైంట్ గ్రోత్’ పెంచును. కావున వినయమే ముందు, ఎప్పుడు వచ్చినను. ‘ఫ్లైట్’ వినయము రెండును శక్తుల విషయమున ఆఱవ యంతరువునకే చెందినవి. ఒకే యంతరువులోని వారికి తగవు వచ్చినపుడు వచ్చిన వరుస చూడబడును, వెనుక వచ్చినదే నిలుచును.

ఈ లెక్క ఒకసారి చేసి విడిచిపెట్టునది కాదు. ప్రతిక్షణమును కార్డుమీది మూలరూపమునుండి ప్రారంభించి, ఏడు మెట్లును ఎక్కి, నేటి రూపమును సాధింపవలెను. ప్రకృతిప్రత్యయములనుండి ప్రతి పదమును మొదటినుండి సాధించు వైయాకరణుని ప్రక్రియ వంటిది ఇది. ఒకసారి మెట్టు దాటిన పిదప క్రిందికి దిగుట లేదు. ఆఱవ మెట్టున జరిగినదానిని బట్టి నాల్గవ మెట్టున జరిగినది మారదు. అష్టాధ్యాయి తుది మూడు పాదముల విషయమున పాణిని పెట్టిన యసిద్ధత్వము మనవారికి వెంటనే స్ఫురించును: అచ్చట పరసూత్రము చేసిన కార్యము పూర్వసూత్రము దృష్టికి జరుగనట్లే. సామ్యము నిజమే. కాని పాణిని క్రమము గ్రంథమున సూత్రములున్న క్రమము. ఇచ్చటి క్రమము ప్రభావముల జాతిని బట్టి కల్పించిన క్రమము. కార్డులు వ్రాసినవాడు వేఱు, మెట్లు కట్టినవాడు వేఱు. ఏ మెట్టుపై నిలువవలెనో కార్డునకు తెలియదు.

1999లో ‘ఉర్జాస్ డెస్టినీ’ కూర్పున ‘ఓపలెసెన్స్’ అను మఱియొక మంత్రబంధము వచ్చినది. దీనికిని నాలుగు పాళ్లే వ్యయము. దీని ప్రభావముచే, ఇది తప్ప తక్కిన మంత్రబంధములన్నియు, ఇతరమునకు తగిలించి యుంచునవి మినహాయించి, తమ జాతి నుండగనే ప్రాణులు కూడ నగును. దేనికెంత వ్యయమో దానికంత బలము, అంత దార్ఢ్యము. ఇప్పుడు ఈ రెండును రంగమున కలిసిన వనుకొందము. ఓపలెసెన్స్ వినయమును ప్రాణిగా చేయును. వినయము ప్రాణుల శక్తుల నన్నిటిని తొలగించును. తానును ప్రాణియే గనుక తన శక్తిని తానే తొలగించుకొనును. దాని శక్తి యనగా ఆ వాక్యమే. వాక్యము పోయినచో ప్రాణుల శక్తులు పోవుటకు కారణమే లేదు. అపుడు వినయము శక్తి వినయమునకు తిరిగి వచ్చును. వచ్చినచో మరల పోవును. చెట్టు ముందా విత్తు ముందా అను వరుసలో ఇది తెగదు. నైయాయికులు దీనిని చక్రకమందురో అనవస్థయందురో గాని, ఆటగాండ్రకు బల్ల దగ్గఱ అంత తీరిక లేదు. తీర్పు వెంటనే కావలెను.

నియమావళి ఇచ్చిన తీర్పు ఇది. ఒక ప్రభావము వేర్వేఱు అంతరువులలో పనిచేయవలసి యుండి, వానిలో మొదటి యంతరువున పని ప్రారంభించినచో, నడుమ తన్ను కలిగించిన శక్తి తొలగిపోయినను, తక్కిన యంతరువులలో తన పనిని పూర్తిచేయును. వినయము ఆఱవ మెట్టున తన పనిని ప్రారంభించి, అందఱి శక్తులతోపాటు తన శక్తిని కూడ తుడిచివేయును. ఐనను దాని వాక్యమున మిగిలిన సగము, అనగా బలదార్ఢ్యములను ఒకటి చేయు భాగము, ఏడవ మెట్టున నెరవేఱును. భస్మాసురుడు తన తలపై తానే చేయి పెట్టుకొన్నప్పుడు, వాడు భస్మమగుచుండగా వాని వరము నడుమ ఆగిపోయెనా? ఆగలేదని పురాణము వినిన పిల్లవానికి తెలియును. వరము పొందినవాడు పోయెను గాని, వరము తన పని ముగించినది. ఈ యాటవారు చేసిన నిర్ణయమును ఇదే.

ఈ నిర్ణయము కేవలము కలహనివారణార్థము చేసిన యొప్పందమా, లేక వాక్యస్వభావమును గుర్తించి చేసినదా? రెండవదియే యని మేము తలంచుచున్నాము. దానికి సాధకము వినయమునందే కలదు. దాని నియమము ఒకే పేరాలో, ఒకే వాక్యముగా నున్నది: శక్తులు పోవును, మఱియు బలదార్ఢ్యములు ఒక్కొక్కటి యగును. ఈ యాటలో పేరా మారినచో శక్తియును మారును. ప్రతి పేరాయు వేఱొక శక్తిగా గణింపబడును. కావున కార్డు వ్రాసినవాడు ఆ ‘మఱియు’ను తీసివేసి, రెండు భాగములను రెండు పేరాలుగా విడదీసి యున్నచో ఏమి జరిగియుండెడిది? సాధారణముగా ఏ భేదమును ఉండదు. కాని ఓపలెసెన్స్ ఎదుట ఫలితము తాఱుమాఱగును. మొదటి పేరా ఆఱవ మెట్టున తనను, రెండవ పేరాను కూడ తుడిచివేయును. రెండవ పేరా అప్పటికింకను పని ప్రారంభింపలేదు; ప్రారంభింపనిదానికి పూర్తిచేయు హక్కు లేదు. అపుడు ప్రాణులన్నియు శక్తులు కోల్పోయినను, వాని బలదార్ఢ్యములు కుదియవు. ఒక్క ‘మఱియు’ వలన సెర్రా దేవత నాలుగు–నాలుగుగా నిలుచునో ఒకటి–ఒకటిగా కుదియునో నిర్ణయమగుచున్నది.

మీమాంసకులు ఏకవాక్యత, వాక్యభేదము అనువానిని గూర్చి ఎంత చర్చించిరో మన విద్యార్థు లెఱుగుదురు. ఒక ప్రయోజనమున కూడి, విడదీసినచో పరస్పరాకాంక్ష కలుగు పదసముదాయము ఒక వాక్యమని వారి లక్షణము. అనావశ్యకముగా వాక్యమును చీల్చుట దోషమని వారి పట్టు. ఈ చర్చ తరగతిలో చెప్పునపుడు, చీల్చిననేమి, చీల్చకున్ననేమి, అర్థమొక్కటే కదా యని అడుగు విద్యార్థి ప్రతి సంవత్సరమును ఒకడైన నుండును. వానికి ఈ కార్డు సమాధానము. మీమాంస యెఱుగనివారు, లాభాపేక్షతో నడచు ఒక సంస్థలో పనిచేయువారు, వినోదార్థమైన ఆటలో, ఏకవాక్యతకు ఫలభేదము గల సందర్భమును తెలిసియో తెలియకయో సృష్టించిరి. ఏకవాక్యమైనచో అది ఒక్క చర్య. దాని నడుమ కర్త నశించినను చర్య పూర్తియగును. రెండు వాక్యములైనచో రెండు చర్యలు. మొదటిది రెండవదానిని పుట్టకముందే చంపగలదు. మీమాంసకుల లక్షణమున ప్రయోజనైక్యము ముఖ్యము, ఇచ్చట పేరా విభాగము ముఖ్యము అను భేదమును మఱువరాదు. కార్డు చదువువానికి కర్త యభిప్రాయము తెలియదు, తెలియనక్కఱలేదు. కంటికి కనబడు విరామమే ప్రమాణము. అభిప్రాయము ననుసరించి అర్థము చెప్పు విమర్శకుల కిది కటువుగా నుండవచ్చును. ఎదుట ప్రత్యర్థి కూర్చున్నచోట ఇంతకంటె న్యాయమైన పద్ధతి మాకు తోచలేదు.

పుట్టకముందే చంపుట యను మాటకు ప్రత్యుదాహరణముగా మఱియొక జంటను చూపెదము. ‘బ్లడ్ మూన్’ (1994) అను మంత్రబంధము సామాన్యములు కాని భూములన్నిటిని పర్వతములుగా చేయును. ‘ఉర్బోర్గ్, టూంబ్ ఆఫ్ యాగ్మోత్’ (2007) అను భూమి, భూములన్నియు తమ జాతితోపాటు చిత్తడినేలలు కూడ నగునని చెప్పును. ఉర్బోర్గ్ సామాన్యభూమి కాదు. నియమావళి ప్రకారము, ఇట్లు పర్వతముగా మార్పబడిన భూమి తన పూర్వశక్తులను కోల్పోవును. రెండు ప్రభావములును నాల్గవ యంతరువునకే చెందినవి. వచ్చిన వరుసయే ప్రమాణమైనచో, ముందు వచ్చిన ఉర్బోర్గ్ ముందుగా తన మాట ప్రారంభించి యుండవలెను. కాని నియమావళి ఇచ్చట వరుసను ప్రక్కకు నెట్టినది. ఒకే యంతరువులో నొకదాని యస్తిత్వము మఱియొకదానిచే మాఱునదైనచో మొదటిది రెండవదానికి ఆశ్రితము, ఆశ్రితమైనది వేచియుండవలెను. బ్లడ్ మూన్ ముందు పనిచేయును, ఉర్బోర్గ్ పర్వతమై మౌనము వహించును. ఏది ముందు వచ్చినను ఫలము ఒక్కటే. ఇక రెండును ఒకదానికొకటి ఆశ్రితములైనచో? అన్యోన్యాశ్రయమును నియమావళి ముందే ఊహించినది. అట్టిచోట ఆశ్రయవిచారమును మాని, మరల వచ్చిన వరుసనే చూడుమన్నది. ఏవంకనైనను తీర్పు ఆగకూడదనునదే వారి పట్టుదల.

ఉర్బోర్గ్ నోరు విప్పకముందే మూయబడినది. వినయము మాట ప్రారంభించి, తన నోరు తానే మూసికొని, ఐనను వాక్యము ముగించినది. ఈ రెండును ఒకే న్యాయమునకు రెండు ముఖములని మా మతము. మొదలుపెట్టుటయే హద్దు.

ఇంతవఱకు నియమావళిని సమర్థించితిమి. దీనికి తరువాతి భాగమును అంతగా సమర్థింపలేము. ఏడవ మెట్టున, విలువను స్థిరపఱచు ఉపభాగమున, ఓపలెసెన్స్ వినయమును నాలుగు–నాలుగు చేయుమనును; వినయము తన్ను తాను ఒకటి–ఒకటి చేసికొనుననును. రెండును జీవించియే యున్నవి. ఏదియు మఱియొకదానికి ఆశ్రితము కాదు. కావున వెనుక వచ్చినది గెలుచును. ఓపలెసెన్స్ ముందు వచ్చి వినయము పిదప వచ్చినచో వినయము ఒకటి–ఒకటి ప్రాణి. వినయము ముందు వచ్చినచో అది నాలుగు–నాలుగు. భేదము పేరునకు కాదు. మూడు దెబ్బల శక్తి గల ‘లైట్నింగ్ బోల్ట్’ అను కార్డు మొదటిదానిని చంపును, రెండవదానిని చంపజాలదు. వినయము చచ్చినచో రంగమందలి ప్రాణుల శక్తులన్నియు తిరిగివచ్చును, ఆట తిరుగబడవచ్చును. ఐనను రెండు సందర్భములలోను బల్లమీద కనబడునది ఒక్కటే: రెండు కార్డులు, ప్రక్కప్రక్కన. ఇప్పుడే వచ్చి కూర్చున్న తీర్పరి వానిని ఎంత పరీక్షగా చూచినను ఫలము చెప్పలేడు. ఏది ముందు వచ్చినదని ఆటగాండ్రను అడుగవలెను. వారికి జ్ఞాపకము లేకున్న, లేదా వారిలో నొకరికి మఱపు లాభకరమైయున్న, గతి యేమి? అర్థము పాఠమునందును లేదు, సన్నివేశమునందును లేదు. గతమునందు, అదియు వ్రాసిపెట్టని గతమునందు, ఉన్నది. పాణిని సూత్రముల పరత్వమును గ్రంథము తెఱచి ఎవడైన చూడవచ్చును. ఇచ్చటి పరత్వము చూడదగినది కాదు. వేఱు నియమ మేమి పెట్టవలెనో మేమును చెప్పజాలము. వ్యయము ననుసరించి బలాబలములు చూడవలెనన్న, ఈ రెండింటి వ్యయమును నాలుగే.

ఈ లోపమును నియమకర్తలును కొంత ఎఱిగియున్నారని మాకు తోచును. ఈ రెండు కార్డుల సంబంధమును గూర్చి వారు ప్రకటించిన అధికారవివరణము ‘ప్రస్తుతము’ చెల్లు సంబంధ మిది యను భావముతో ప్రారంభమగుచున్నది. శాస్త్రవివరణమున ‘ప్రస్తుతము’ అను మాట మాకు సాధారణముగా కనబడదు. వృత్తికారుడు తన యర్థమే సనాతనమని చెప్పును. ఎంత క్రొత్తదైనను సూత్రకారుని హృదయము నిదేయని చెప్పును. పతంజలి ‘పరము’ అను పదమునకు ఇష్టమను అర్థము చెప్పి, విప్రతిషేధసూత్రమున వెనుకదే గెలువనక్కఱలేదు, ఇష్టమైనది గెలుచునని సవరించినపుడుకూడ, అది పాణిని మతమే యని చూపెను గాని నాటికి చెల్లు మతమని చెప్పలేదు. ఆటవారి మాటలో వినయము కలదని ఒప్పుకొనక తప్పదు.

పరిశోధక విద్యార్థులు ఈ పద్ధతిని పరీక్షింపదలచినచో, రెండు ఓపలెసెన్స్ కార్డులను వినయమునకు ఇరుప్రక్కల నుంచి లెక్క చేయవలెను. మొదటి ఓపలెసెన్స్, పిదప వినయము, పిదప రెండవ ఓపలెసెన్స్ వచ్చిన వనుకొందము. నాల్గవ మెట్టున రెండు ఓపలెసెన్సులును ఒకదానినొకటి ప్రాణిగా చేయును. రెండును వినయమును ప్రాణిగా చేయును. ఆఱవ మెట్టున వినయము మూడింటి శక్తులను తుడిచివేయును. ఐనను మూడింటి పనులును ప్రారంభమైనవి గనుక ముగియును. ఏడవ మెట్టున మొదట వచ్చినది తక్కిన రెంటిని నాలుగు–నాలుగు చేయును. తరువాత వినయము మూడింటిని ఒకటి–ఒకటి చేయును. కడపట వచ్చినది తాను తప్ప తక్కిన రెంటిని మరల నాలుగు–నాలుగు చేయును. ఫలితముగా మొదటి ఓపలెసెన్సును వినయమును నాలుగు–నాలుగు ప్రాణులై నిలుచును. చివర వచ్చి, అందఱికంటె బలీయమైన మాట చెప్పిన రెండవ ఓపలెసెన్స్, తన మాట తనకు వర్తింపదు గనుక, ఒకటి–ఒకటిగా మిగులును.